మోటారు సైకిలు విద్య – మన సంఘముల విధి

కోడెను కాడికి అలవాటు చేయుట ఎంత పనియో రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మొదట మెడపై ఉత్తకాడి నుంచి త్రిప్పుదుము; పిమ్మట తేలిక దూలమును లాగింతుము; తరువాత ముదురెద్దు ప్రక్కన కట్టుదుము. నెలలు గడచినగాని నిండుబండికి కట్టి పెద్దబాటకు తోలము. ఇంత ఓర్పు గల రైతే కుమారునకు మోటారు సైకిలు కొనియిచ్చి, కళ్లములో అరపూట త్రిప్పించి, మఱునాడే రహదారికి పంపుచున్నాడు. ఎద్దునకు చేసినపాటి శ్రద్ధ బిడ్డకు చేయకున్నాము. ఈ మాట పరుషముగా తోచవచ్చును. దీనిని మొదట మాకు మేమే చెప్పుకొని, తరువాత సోదరులకు చెప్పుచున్నాము.

1933వ సంవత్సరమున విశాఖపట్టణపు రేవు తెఱవబడినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడినది. నేడు చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు 16వ నంబరు జాతీయ రహదారి అనకాపల్లి, లంకెలపాలెము, కూర్మన్నపాలెము, గాజువాకల మీదుగా పోవుచున్నది. రేవునకు పోవు కంటెయినరు లారీలకును, ఉక్కు మోయు ట్రెయిలరులకును అదియే బాట. పాల క్యాన్లు కట్టుకొని పోవు రైతునకును, వంగకాయల మూటతో పోవు రైతునకును, పరవాడ, అచ్యుతాపురము కర్మాగారములకు తెల్లవారుజామున పనికి పోవు రైతుబిడ్డకును అదియే బాట. ముప్పది టన్నుల బరువు ప్రక్కన ఒంటిమనిషి రెండు చక్రములపై పోవుచున్నాడు. వానికి గల రక్షణ రెండే: తలపై టోపీ, చేతిలో విద్య.

ఇక మా సంగతి. కొన్ని యేండ్ల క్రిందట మా ప్రదర్శన మడికి ప్రక్క భూమి గల ఒక సభ్యుని కుమారుడు తనకు బండి నేర్పుమని మమ్మడిగెను. అప్పటికి మేము పదునెనిమిది యేండ్లుగా మోటారు సైకిలు తోలుచుంటిమి. ఇందేమున్నదని ఒక సాయంకాలము కళ్లములో క్లచ్చి విడుచుట, గేరు మార్చుట, కాలిబ్రేకు తొక్కుట చూపితిమి. “ముందుబ్రేకు ముట్టకుము, ముట్టినచో పల్టీ కొట్టుదువు” అని ఎవరో మాకు చెప్పిన మాటనే వానికిని చెప్పితిమి. మూడు నెలలు గడచెను. ఒకనాడు లంకెలపాలెము దాటిన పిమ్మట ముందు పోవు లారీ హఠాత్తుగా ఆగెను. వాడు మేము చెప్పినట్లే కాలిబ్రేకును బలముగా తొక్కెను. వెనుక చక్రము బిగిసి జాఱెను. బండి ప్రక్కకు పడెను. వాని కాలు రెండు చోట్ల విఱిగెను. తలపై హెల్మెట్టు ఉండుటచే ప్రాణము దక్కినది. ఆ యేడు వారి చెఱకు నఱకుట ఆలస్యమయ్యెను. తండ్రి సంఘపు బాకీకి గడువు కోరవలసివచ్చెను. ఆ దరఖాస్తు సభలో చదువబడినప్పుడు మేమును అచ్చటనే కూర్చుండియుంటిమి. తండ్రి మమ్మొక్క మాటయు అనలేదు. అనియున్న బాగుండెడిదని నేటికిని తోచును.

ఈ బరువు మనసున నుండగా, గడచిన వేసవిలో పట్టణమున ఒక కర్మాగారమువారు తమ పనివారికొఱకు నడపిన రెండు దినముల తరగతికి మిత్రుని మూలమున మేమును పోయితిమి. నలువది దాటిన వయసున ఇరువదియేండ్ల కుఱ్ఱవాండ్ర వరుసలో నిలుచుటకు మొదట సిగ్గుపడితిమి. చిన్ననాడు మిషను బడిలో డ్రిల్లు మాస్టరు ఎదుట నిలిచినట్లుండెను. బోధకుడు మొదటి గంటలో ఇంజను మీటనే ముట్టనీయలేదు. టైరులలో గాలి, గొలుసు బిగువు, బ్రేకుల పట్టు, ముందు వెనుకల దీపములు చూచుకొనుట నేర్పెను. పిమ్మట క్లచ్చి సగము విడిచి నడకవేగమున తిన్నగా పోవుట, ఇరుకున మలుపు త్రిప్పుట, మలుపులో చక్రము ముందఱి నేలను గాక పోదలచిన చోటును చూచుట నేర్పెను. మెల్లగా పోవుట వేగముగా పోవుటకంటె కష్టమని అప్పుడు మాకు తెలిసెను.

రెండవనాడు సున్నపుగీత గీచి దానిపై ఆగుమనిరి. మేము పాత అలవాటు చొప్పున కాలిబ్రేకు తొక్కి, గీతను దాటి చాలదూరము పోయి ఆగితిమి. బోధకుడు నవ్వలేదు. కారణము విప్పి చెప్పెను. బండి ఆగునప్పుడు బరువంతయు ముందుకు ఒరుగును. ఎద్దుబండి పల్లమునకు దిగునప్పుడు కాడి ఎద్దుల మెడలపై ఒత్తుట మనము చూచుచున్నదే. అందుచే ముందుచక్రమునకు నేలపట్టు హెచ్చును, వెనుకచక్రమునకు తగ్గును. కావున తిన్నని బాటపై రెండు బ్రేకులను కలిపి పట్టవలెను. ముందుబ్రేకును ఒక్కమారుగా గుంజక, ఆవుపొదుగు పిదుకునట్లు క్రమముగా బిగింపవలెను. మలుపున వంగియున్నప్పుడును, ఇసుకమీదను, బురదమీదను దానిని గట్టిగా పట్టరాదు. మఱియొక లెక్కయు చెప్పెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో ఇంచుమించు 17 మీటర్లు పోవును; అనగా మనము అపాయమును చూచి చేయి కదల్చునంతలో అంత బాట తరిగిపోవును. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన పిమ్మట ఆగు దూరము నాలుగింతలగును. లారీ అద్దములో డ్రైవరు మొగము మనకు కనబడనిచో, మనమును అతనికి కనబడమని తెలిసికొనవలెను. తరగతి ముగిసిన మఱునాడే మేము ఆ చిన్నవాని యింటికి పోయి, మేము నేర్పినది తప్పని చెప్పి, సరియైన విధమును వానికి మరల నేర్పితిమి.

మా యొక్కరి అనుభవమే చాలదని కొందఱనవచ్చును. అమెరికా దేశమున దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యారీ హర్ట్ అను ఆచార్యుడును ఆయన తోడివారును లాస్ ఏంజెలెస్ ప్రాంతమున ఇంచుమించు 900 మోటారు సైకిలు ప్రమాదములను, జరిగిన చోటికే పోయి పరీక్షించి, 1981లో నివేదిక ప్రకటించిరి. ప్రమాదమునకు లోనైనవారిలో నూటికి 92 మంది తమంతట తాము నేర్చినవారు, లేదా బంధుమిత్రులవద్ద నేర్చినవారు. ఆపదవేళ వెనుకబ్రేకును మితిమీఱ తొక్కుటయు, ముందుబ్రేకును చాలినంత పట్టకపోవుటయు వారి సామాన్యదోషమని ఆ నివేదిక చెప్పుచున్నది. అది చదువగా మా కళ్లమే కన్నులయెదుట నిలిచెను. బ్రిటను దేశమున 1990 నుండి కొత్తవారు ప్రాథమిక శిక్షణ పొందినగాని మోటారు సైకిలుపై రోడ్డెక్కరాదని నియమము చేసిరి. మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోయినవారే.

మన చట్టము ఏమి కోరుచున్నది? ఎల్‌ఎల్‌ఆర్ తీసికొని ముప్పది దినములైన పిమ్మట పరీక్షకు పోవచ్చును. ఎనిమిది అంకె ఆకారమున కాలు మోపక త్రిప్పుట మన కుఱ్ఱవాండ్రకు సులభసాధ్యమే. కాని రహదారిపై ప్రాణము నిలుపునది ఎనిమిది వేయుట కాదు, ఆపుట. బడిలో నేర్చిన పత్రము తెమ్మని సొంత మోటారు సైకిలు తోలువానిని చట్టము అడుగదు. చట్టము అడుగనిదానిని మనము అడుగవలెను. గేరుల బండి తోలుటకు 18 యేండ్లు నిండవలెననుట మాత్రము చట్టమే. 2019 సవరణ ననుసరించి, ఈడు రాని బాలుడు బండి తోలి నేరము చేసినచో తండ్రికి లేక సంరక్షకునకు 25,000 రూపాయల జుల్మానాయు మూడేండ్లవఱకు జైలుశిక్షయు విధింపవచ్చును.

శిక్షణ పొందినవాడు పడనే పడడని మేము చెప్పము. ఇట్టి తరగతులవలన ప్రమాదములెంత తగ్గునో తూచిచూడబోయిన పండితులకును నిక్కచ్చియైన లెక్క దొరకలేదు. రెండునాళ్లు నేర్చి, అన్నియు తెలియునను గర్వమున వేగము పెంచువానికి ఆ విద్య మేలు చేయదు. హెల్మెట్టు సంగతి మాత్రము రూఢి. అనేక పరిశోధనలను కూర్చి చూచి 2008లో ప్రకటించిన లెక్క ప్రకారము, అది మరణభయమును నూటికి 42 పాళ్లును, తలదెబ్బను 69 పాళ్లును తగ్గించును. అది ఐఎస్ఐ ముద్ర గలదై, గడ్డముక్రింద పట్టీ బిగించినదై యుండవలెను. హ్యాండిలునకు తగిలించిన టోపీ తలను కాపాడదు.

ఒక దోషము మన రైతులయందును కలదు. తారురోడ్డుపై ధాన్యము ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, రాత్రి ఆ రాళ్లను అచ్చటనే విడుచుచున్నాము. పొలమునుండి వచ్చు ట్రాక్టరు చక్రముల బురదను మలుపుననే రాల్చుచున్నాము. వెనుక దీపము లేని తొట్టిని చెఱకుతో నింపి చీకటిలో బాటప్రక్క నిలుపుచున్నాము. చీకటిలో వాటిపై వచ్చి పడువాడు పరాయివాడు కాడు, మన పొరుగువాని కొడుకే. మన బిడ్డలకు జాగ్రత్త నేర్పబూనునప్పుడు ఈ పనులను మనము మానవలెను.

ఇంతకును మా సూచన యేమనగా: చెఱకు గానుగలు ముగిసి, మృగశిర కార్తె ప్రవేశింపకముందు రైతునకు కొంత తీరిక కలదు. ఆ దినములలో ప్రతి సంఘమును రెండు దినముల తరగతి నేర్పాటు చేయవలెను. రవాణాశాఖవారి సలహాతో నేర్పరియైన బోధకుని పిలిపింపవచ్చును. బడి మైదానము, కొంత సున్నము, నాలుగు డజనుల ఇటుకలు, రెండు బండ్లు చాలును. తరగతికి పదిమందికంటె మించరాదు. స్కూటరు తోలు ఆడుబిడ్డలను, కోడండ్రను విడువరాదు. సభ్యునకు బండికొఱకు అప్పిచ్చు సంఘము హెల్మెట్టును, తరగతి పత్రమును షరతుగా పెట్టవలెను. ఇది సభ్యునిపై పెత్తనమని కొందఱందురు. విత్తనమునకు అప్పిచ్చునప్పుడు మంచి విత్తనమే కొనుమని చెప్పుట పెత్తనము కానిచో, ఇదియు కాదు. ఖర్చు సంగతి అడుగువారు, కాలు విఱిగిన యింట ఒక పంటకాలము ఎట్లు గడచునో లెక్క వేసికొందురు గాక.

కొత్తవంగడమును నమ్ముమని మేమెన్నడును మాటలతో చెప్పలేదు. మడిలో పండించి చూపితిమి. ఈ విద్యయు అట్లే చూచి, చేసి నేర్వవలసినది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింపుడు. మా సంఘమున మొదటి తరగతి జరుగునాడు కాలు విఱిగిన ఆ చిన్నవాడు సున్నపుగీత వద్ద నిలిచి ఆగుట ఎట్లో చూపుటకు ఒప్పుకొన్నాడు. మేమును వానిముందఱ మరల విద్యార్థులమై నిలుతుము.