పేరిణికి చరిత్ర, చిందుకు జానపదం: ఓరుగల్లు ప్రాంత నృత్య పరిశోధనపై ఒక అభ్యంతరం

నేటి నృత్యం తన పూర్వికులను వెతుక్కున్న ప్రయత్నాలలో తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధమైనది పేరిణి. నటరాజ రామకృష్ణ (1923-2011) జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని అధ్యయనం చేసి, పాలంపేట రామప్ప గుడి శిల్పభంగిమలను పరిశీలించి, శతాబ్దాలుగా ప్రదర్శనలో లేని నృత్యానికి ఇరవయ్యవ శతాబ్దిలో రూపం కల్పించారు. ఆ కృషి అసాధారణం. దాని ఫలితాన్ని తెలుగు పరిశోధన స్వీకరించిన తీరు మాత్రం అభ్యంతరకరం. పేరిణి కాకతీయుల కాలం నుంచి నేరుగా అందిన వారసత్వంగా నమోదవుతున్నది. అదే ఓరుగల్లు నేలపై తరం నుంచి తరానికి అందుతూ వచ్చిన చిందు, కోయ, లంబాడ నృత్యాలు కాలంతో నిమిత్తం లేని ‘జానపదం’గానో ‘గిరిజన కళ’గానో మిగులుతున్నాయి. పునర్నిర్మించిన దానికి చరిత్రను, కొనసాగుతున్న దానికి వర్గనామాన్ని ఇచ్చే ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఈ విభజనకు సాధారణంగా చూపే ఆధారాలు మూడు: లక్షణగ్రంథం, శిల్పం, రాజవంశం. మూడూ అధికారం చుట్టూ ఏర్పడినవే. జాయపసేనాని గణపతిదేవుని గజసైన్యాధిపతి. 1213 నాటి రామప్ప గుడిని నిర్మింపజేసిన రేచర్ల రుద్రుడు కూడా ఆ ప్రభువు సేనానియే. గ్రంథం పేరణికి ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవివారం, గీతం అనే అయిదు అంగాలను చెబుతుంది. శిల్పం ఒక క్షణంలోని భంగిమను నిలుపుతుంది. ఒక భంగిమ నుంచి మరొక భంగిమకు శరీరం ఎట్లా సాగిందో ఈ రెండింటిలోనూ పూర్తిగా దొరకదు. ఆ ఖాళీని పూరించినది రామకృష్ణ సృజన. పేరిణిని యథాతథంగా పదమూడవ శతాబ్దికి అప్పగించడం ఆ సృజనను కాదనడమే అవుతుంది.

తక్కిన నృత్యాలకు తగిలించిన వర్గనామాల వెనుక వలసకాలపు జనవర్ణన ఉన్నది. థర్‌స్టన్, రంగాచారి 1909లో ప్రకటించిన ఏడు సంపుటాలు, నిజాం రాజ్యంలోని కులాలపై, తెగలపై సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన గ్రంథం జనసమూహాలను నమూనాలుగా పేర్చాయి. వేషం, వివాహం, ఆహారం, ఆట అన్నీ ఆ పట్టికలో అంశాలయ్యాయి. ఆడేవారు తమ ఆటకు చెప్పుకునే అర్థానికి అక్కడ దక్కిన చోటు స్వల్పం. ఎద్దులపై ధాన్యం, ఉప్పు మోసిన లంబాడాల వర్తకం క్షీణించి, వారిపై నేరస్తులనే ముద్ర పడిన క్రమాన్ని భంగ్యా భూక్యా 2010లో గ్రంథస్థం చేశారు. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1952లో రద్దయింది. ఆ చట్టం వెనుకనున్న చూపు అంతటితో రద్దు కాలేదు. మహబూబాబాద్ తండాలలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలలో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు తీజ్ జరుపుకుంటారు. ఆ వలయనృత్యాన్ని వర్ణించేవారు తరచు అద్దాల రవికెల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నృత్యాన్ని నడిపించే గోర్‌బోలి పాట వారి విశ్లేషణలోకి రాదు.

ఈ చూపు ఎంతదూరం పోగలదో దక్షిణాఫ్రికా చరిత్ర తెలుపుతుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో అక్కడ సజీవులైన సాన్ ప్రజల శరీరాలకు అచ్చులు తీసి బొమ్మలు పోశారు. ఆ బొమ్మలతో కేప్‌టౌన్‌లోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఏర్పరచిన దృశ్యాన్ని 2001లో గాని మూసివేయలేదు. సాన్ అస్తిత్వాన్ని, పూర్వికులను నృత్యంలో అన్వేషించే నేటి కళాకారులు మొదట ఎదుర్కోవలసినది ఆ బొమ్మలనే. తెలుగునాట బొమ్మలు పోయలేదు. కాని ‘జానపదం’ అనే శీర్షిక కూడా ఆడుతున్న మనిషిని కాలం లేని నమూనాగానే నిలబెడుతున్నది.

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగాన కళాకారునిగా 2024లో పద్మశ్రీ లభించింది. గౌరవం అందినంత మాత్రాన విషయం అధ్యయనానికి అందినట్లు కాదు. చిందువారు మాదిగలకు ఆశ్రితులై, మిరాశీ గల ఊళ్లలో ఆడుతూ వచ్చినవారు. జాంబపురాణంలో ఆది జాంబవంతుడు భూమి పుట్టుకకు ఆరు నెలల ముందే పుట్టినవాడు. బ్రాహ్మణునితో వాదానికి దిగి తన ముందుతనాన్ని నిలబెట్టుకుంటాడు. మొదటివారెవరు అన్న ప్రశ్నపై వర్ణవ్యవస్థతో జరిగిన వాదమిది. దీనిని గ్రామీణ వినోదంగా పరిగణించే పరిశోధన వాదంలోని ప్రతిపక్షాన్ని వినడానికి నిరాకరిస్తున్నది.

భూపాలపల్లి ప్రాంతంలో ఈ వైరుధ్యం మరింత తీవ్రం. 2019లో ములుగు జిల్లా ఏర్పడే వరకు పాలంపేట, మేడారం రెండూ భూపాలపల్లి జిల్లాలోనివే. కరువుకాలంలో కప్పం కట్టలేని కోయలపై కాకతీయ సైన్యం దండెత్తిందని, సారలమ్మ, జంపన్న ఆ పోరులో ప్రాణాలు విడిచారని, సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైందని మేడారం కథ. కోయ డోలీలు ఈ వంశకథలను పడిగెలు చూపుతూ గానం చేస్తారు. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య ఆ సంప్రదాయానికి చెందినవారు. పేరిణి కాకతీయ సైనికుల యుద్ధనృత్యమన్న ప్రచారాన్ని అంగీకరించినవారు ఆ సైనికులు ఎవరిపైకి నడిచారో కూడా చెప్పాలి. గద్దెలకు తరలే దేవతల ముందు డోళ్ల మోతకు సాగే అడుగులు ఆ ప్రశ్ననే అడుగుతున్నాయి. కథ చారిత్రకత చర్చనీయం కావచ్చు. ఆ స్మృతి ఉన్నదన్న మాట చర్చనీయం కాదు.

మౌఖిక సంప్రదాయానికి తేదీలు లేవు గనుక అది చరిత్రకు ఆధారం కాజాలదన్న ఆక్షేపణ ఉన్నది. తేదీ లేకపోవడం నిజమైన ఇబ్బందియే. అయితే నృత్తరత్నావళి స్వయంగా ఈ ఆక్షేపణకు సమాధానం చెబుతుంది. అందులోని ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గానికి, తక్కిన నాలుగు దేశికి చెందినవి. పేరణి ఉన్నది దేశిలోనే. గొండలి నృత్యానికి జాయపుడు చెప్పిన మూలం చాళుక్య సోమేశ్వరుని కల్యాణంలో కనబడిన భిల్లస్త్రీ వేషం. జనం ఆడినదాన్ని చూసి గ్రంథం లక్షణం రాసింది. అట్టి గ్రంథాన్ని ప్రమాణంగా చేతబట్టి జనం ఆటకు చరిత్ర లేదనడం ఆ గ్రంథకర్త పద్ధతికే విరుద్ధం.

కనుక మార్పు పరిశోధన పద్ధతిలోనే మొదలుకావాలి. పేరిణిపై రాసే ప్రతి వ్యాసం పదమూడవ శతాబ్ది ఆధారాన్ని, ఇరవయ్యవ శతాబ్ది కల్పనను విడివిడిగా గుర్తించాలి. చిందు, కోయ, లంబాడ నృత్యాల అధ్యయనం ఆడేవారి పరిభాషతో, వారి భాషలో సాగాలి. చరిత్ర పాఠ్యాంశంలో జాంబపురాణం, మేడారం కథ నృత్తరత్నావళి పక్కన నిలవాలి. అప్పిరెడ్డిపల్లి కళాకారునికి పురస్కారం ఇవ్వడానికి ఢిల్లీ ఉన్నది. అతని వాదానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత తెలుగు శాఖలది.