సంధి, విగ్రహము



పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు ఉదయం భాగవతం చదువుకొంటూ, సాయంత్రం మనుమలకు పద్యాలు చెప్పుకొంటూ కాలక్షేపం చేయాలని లోకం ఆశిస్తుంది. నేనా రెండూ చేస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం మాత్రం ఒక బల్ల ముందు కూర్చొని యుద్ధవిమానాల, ట్యాంకుల, నౌకల నమూనాలను ప్లాస్టిక్ ముక్కలతో కూరుస్తాను. ఈ పనికి నా బొటనవ్రేలి కీలు, మెడ, కళ్ళు మూడూ అభ్యంతరం చెబుతూ ఉంటాయి. చూసినవారి మాటలు రెండు విధాలుగా ఉంటాయి. "ఈ వయసులో ఎందుకండీ మాస్టారూ ఈ శ్రమ, మానేయండి" అనేవారు కొందరు. "ఇన్ని నొప్పులతో ఇంత సాధిస్తున్నారంటే మీ పట్టుదలకు దండం పెట్టాలి" అనేవారు కొందరు. ఈ రెండు మాటలూ సరి కావని నా అభిప్రాయం.

ముందుగా పని స్వరూపం చెబుతాను. నమూనాలకు ఒక కొలత ఉంటుంది. 1/72 కొలతలో ఆరడుగుల మనిషి ఒక అంగుళమవుతాడు. 1965, 1971 యుద్ధాలలో మన వాయుసేన నడిపిన ఫోలాండ్ నాట్ విమానం పొడవు సుమారు 8.7 మీటర్లు, ఈ కొలతలో అది 12 సెంటీమీటర్లై అరచేతిలో ఇమిడిపోతుంది. ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకొని వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, అతికించి, సందులు లప్పంతో పూడ్చి, రంగు వేయాలి.

ఇందులో అతికే ఘట్టం నాకు మిక్కిలి ఇష్టం. ఆ ద్రవం నిజానికి జిగురు కాదు. అది రెండు ముక్కల అంచులనూ కొద్దిగా కరిగిస్తుంది. కరిగిన అంచులు ఒకదానిలో ఒకటి కలిసి, ద్రవం ఆవిరి కాగానే ఒకే ముక్కగా గట్టిపడతాయి. రెండచ్చులు పోయి వాటి చోట ఒక్క అచ్చు నిలవడాన్ని ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద బోధించినవాడిని. దీనిని సంధి అనక మరేమనగలను? సంధి అంటే శరీరంలోని కీలు కూడా. సంధివాతమన్న మాట అందులో నుండి వచ్చినదే. రాజనీతిలో సంధి అంటే ఒడంబడిక. దానికి ఎదురైనది విగ్రహం, అనగా యుద్ధం. విగ్రహమంటే బొమ్మ అని వేరే చెప్పనక్కరలేదు. ఈ అర్థాలన్నీ నా బల్ల మీదనే కలుసుకొన్నాయి.

ఇక మానేయమనేవారి మాట. అందులో ప్రేమ ఉన్నది. మా ఇంట్లో కూడా అది దినమూ వినబడేదే. కాని మానడమనేది ఒకదానితో ఆగదు. సైకిలు మానాను. సుద్దముక్క దానంతట అదే మానింది. నూతి నుండి నీళ్ళు తోడడం, కొబ్బరికాయ ఒలవడం, పొడుగాటి ఉత్తరాలు చేత్తో వ్రాయడం మానాను. మానినప్పుడు ప్రతిదీ సబబుగానే తోచింది. అన్నీ కలిపి లెక్క వేస్తే మిగిలిన మనిషి ఎంత అన్నది ప్రశ్న. చొక్కా గుండీ పెట్టుకోవడానికి తడబడే చేయి, మధ్యాహ్నం గోధుమగింజంత చక్రాన్ని దాని ఇరుసు మీద నిలబెడుతుంది. ఆ చేయి ఇంకా నాదేనని నాకు తెలియజేసే పని అదొక్కటే మిగిలింది. అరిగిన కీళ్ళకు తగుమాత్రపు కదలిక మంచిదని వైద్యులూ చెబుతారు. కదలిక ఎంత, ఎట్లా అన్నదే తేల్చుకోవలసినది.

పట్టుదలను పొగిడేవారితో నాకింకా ఎక్కువ పేచీ. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ ఒక వస్తువును నొక్కి పట్టుకొన్నప్పుడు, వ్రేలి కొసన పడే బలం బొటనవ్రేలి మూలపు కీలు వద్దకు వచ్చేసరికి పన్నెండింతల దాకా పెరుగుతుందని శరీరశాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. కిలో బరువుతో నొక్కితే కీలు మోసేది పన్నెండు కిలోలన్నమాట. ఇది తెలిసీ పళ్ళ బిగువున భరించడం వీరం కాదు, లెక్క రాకపోవడం. నొప్పితో విగ్రహానికి దిగితే ఓడేది మనమే. కనుక సంధి చేసుకోవాలి. సంధికి షరతులుంటాయి.

మొద్దుబారిన కత్తికి బలం కావాలి, పదునైనదానికి అక్కరలేదు. అందుచేత నేను కత్తి అలుగును అరిగిపోకముందే మారుస్తాను. సన్నని పిడిని వ్రేళ్ళు గట్టిగా బిగించి పట్టాలి. అందుకని పిడికి పాత గుడ్డ చుట్టి లావు చేశాను. అతుకు ఆరేదాకా ముక్కలను పట్టి ఉంచే పని బట్టల క్లిప్పులకు అప్పగించాను. మనిషి తల బరువు సుమారు అయిదు కిలోలు. మెడ వంచిన కొద్దీ ఆ భారం పెరుగుతుంది. కావున తల పనికి వంగకుండా, పనినే కంటి ఎత్తుకు తెచ్చాను. బల్ల మీద వేసిన ఒక పీట చాలింది. కిటికీలు తెరిచి ఉంచడం, అరగదీసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం సరేసరి. ఇరవై అయిదు నిమిషాలకు గంట మోగుతుంది, లేస్తాను. ముక్క సగంలో ఉన్నా సరే. రాజనీతి షడ్గుణాలలో ఆసనమని ఒకటున్నది. కదలక వేచి ఉండడం దాని అర్థం. అదీ ఒక ఉపాయమే, ఓటమి కాదు.

ఒడంబడికలో నేను వదులుకొన్నవీ ఉన్నాయి. 1/700 కొలత నౌకల జోలికి పోను. అందులో మనిషి రెండున్నర మిల్లీమీటర్లు. ఓడ అంచున కట్టే ఇత్తడి కమ్మీలు వెంట్రుకలంత. అది నా చేతికి మించినది.

"అంత కష్టపడి కట్టేదేదో గుడి గోపురం కట్టరాదా, ఈ మారణాయుధాలెందుకు?" అని మరొక ప్రశ్న. బొమ్మ అని తీసిపారేసేవారికి ఒక సంగతి చెబుతాను. 1942లో అమెరికా నౌకాదళం తన దేశపు పాఠశాలల విద్యార్థులను 1/72 కొలతలో అయిదు లక్షల విమాన నమూనాలు చేసి ఇమ్మని కోరింది. ఆకాశంలో కనబడే నల్లని ఆకారం తమదో పరులదో సైనికులు గుర్తుపట్టడానికి అవి పాఠ్యసామగ్రి. రెక్క వంపు తప్పితే తనవాడినే కూల్చే ప్రమాదం. బొమ్మలో కచ్చితత్వమన్నది కేవలం ముచ్చట కాదు.

మారణాయుధమన్న మాట నిజమే. అందుకే వాటిని దగ్గరగా చూడాలంటాను. విశాఖ సముద్రతీరాన 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సుర జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. దాని గుండ్రని ద్వారాలలో వంగి దూరినవారికెవరికైనా, సుమారు 75 మంది అందులో ఎట్లా బ్రతికారా అనిపించక మానదు. అదే తీరానికి ఎదురుగా, 1971 డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో తొంభై మందికి పైగా పోయారు. వారూ అటువంటి ద్వారాలలోనే వంగి నడిచినవారు. ఆ నెల 14వ తేదీన శ్రీనగర్ స్థావరం మీదికి ఆరు సేబర్ విమానాలు వచ్చినప్పుడు, నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నాట్ విమానంలో ఎదురేగి, పోరాడి అసువులు బాశాడు. పరమవీర చక్ర పొందిన వాయుసైనికుడు నేటికీ ఆయన ఒక్కడే. నాట్ నమూనాలో కూర్చొనే అంగుళం లోపు మనిషికి ముఖం రంగు వేయడం నాకిప్పుడు రెండు మధ్యాహ్నాల పని. అంతసేపు ఒక ముఖాన్ని చూస్తే యంత్రం మీది మోజు తగ్గి, అందులో కూర్చున్నవాడు గుర్తుకు వస్తాడు. నొప్పి వల్లనే ఈ ఎరుక కలిగిందని అనను. నొప్పి లేకుంటే బాగుండునని ప్రతి దినమూ అనుకొంటాను. కాని నిదానం వచ్చింది కనుక దానిని వృథా పోనీయరాదు.

ఈ సంధి శాశ్వతం కాదని నాకు తెలుసు. 1/72 చేజారితే 1/48కి వెళతాను, అదీ చేజారితే 1/32కి. ఆ తరువాత ఇతరులు కట్టినవి చూసి సంతోషిస్తాను. మీలో కుట్టుపనో, వీణో, మొక్కల పెంపకమో నొప్పుల కారణంగా మానేయబోతున్నవారు ఉంటే నాదొక్కటే మనవి. మానే ముందు ఒకసారి పీట ఎత్తు మార్చి చూడండి. పిడికి గుడ్డ చుట్టి చూడండి. పని కొలత పెంచి, కాలం తగ్గించి చూడండి. అప్పటికీ చేయి ఒప్పుకోకపోతే మానవచ్చు. అందులో తప్పు లేదు. అడగకుండానే మానడం మాత్రం చేతికి అన్యాయం.

స్వస్తి.