సెప్టిక్ ట్యాంకుకూ ఒక తేదీ ఉండాలి

ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి, వరంగల్ హైవే మీద నుంచి పీర్జాదిగూడ గల్లీల్లోకి తిరిగితే కరెంటు స్తంభాల మీదా, ఖాళీ ప్లాట్ల ప్రహరీల మీదా రెండు రకాల ఫోన్ నంబర్లు విరివిగా కనిపిస్తాయి. ఒకటి టులెట్. రెండోది సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్. మొదటి నంబరుకు ఫోన్లు పెరిగేకొద్దీ రెండో నంబరుకు గిరాకీ పెరుగుతుంది. అయిదుగురి కుటుంబం కోసం తవ్వించుకున్న ట్యాంకు మీద ఫస్ట్ ఫ్లోర్ లేస్తుంది, సెకండ్ ఫ్లోర్ లేస్తుంది, ఆపైన పెంట్‌హౌస్ వెలుస్తుంది. పోర్షన్లు పెరుగుతాయి, అద్దెలూ పెరుగుతాయి. కింద ట్యాంకు మాత్రం గృహప్రవేశం నాటి కొలతల్లోనే ఉండిపోతుంది.

లెక్క వేయడం కష్టమేమీ కాదు. ప్రజారోగ్య ఇంజినీర్లు డిజైన్లకు వాడే అంచనా ప్రకారం ఒక్కో మనిషికి ఏటా సుమారు 75 లీటర్ల మడ్డి ట్యాంకు అడుగున పేరుకుంటుంది. అయిదుగురున్న ఇంట్లో మూడేళ్లకు అది 1,100 లీటర్లు దాటుతుంది. అదే ఇంట్లో నాలుగు పోర్షన్లు కలిపి పదహారు మంది ఉంటే ఒక్క ఏడాదికే 1,200 లీటర్లు. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలని కేంద్ర ప్రభుత్వ మురుగుశుద్ధి మాన్యువల్ చెబుతుంది కాబట్టి అద్దెలిచ్చే ఇంట్లో ఆ గడువు ఏడాదికి కుదించుకుపోవాలి. ఆచరణలో జరిగేది దీనికి పూర్తి తలకిందులు. పదేళ్లు, పన్నెండేళ్లు మూత తెరవని ట్యాంకులు కాలనీకి ఎన్నో.

దీనికి మూలం ‘నిండితే చూద్దాం’ అన్న మాటలో ఉంది. నిజానికి సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. లోపలికి ఎంత నీరు వస్తే అంత నీరు అవతలి పైపు గుండా ఇంకుడు గుంతలోకి పోతుంది. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యలో కాస్త తేరుకున్న నీరు మాత్రమే బయటికి వెళ్లాలి. మడ్డి ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరిందంటే నీరు తేరుకునే వ్యవధి ఉండదు, మలం నీళ్లతో పాటే కొట్టుకుపోయి ఇంకుడు గుంత చుట్టూ మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నే రోజుకు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయించినా చచ్చిన ఇంకుడు గుంత బతకదు. కొద్ది నెలలకే మళ్లీ అదే కథ. తప్పు బండివాడిదని ఇంటాయన, ట్యాంకుదని బండివాడు తిట్టుకుంటారు.

ఇంతకంటే ప్రమాదకరమైన గొప్ప ఇంకొకటుంది. ‘మా ట్యాంకు పదిహేనేళ్లుగా ఒక్కసారీ తీయించలేదు సార్’ అని కొందరు సంతోషంగా చెబుతారు. దాని అడుగు కాంక్రీటు చేయలేదనో, గోడలకు సందులు వదిలారనో అర్థం. అంటే అది సెప్టిక్ ట్యాంకు కాదు, వట్టి గుంత. పదిహేనేళ్ల మురుగు నేలలోకి దిగింది. ఆ నేలలోనే ఆ ఇంటి బోరు కూడా ఉంది.

ఇంకుడు గుంత తాగునీటి వనరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. 18 మీటర్లంటే 59 అడుగులు. పీర్జాదిగూడలో మామూలైన 150 గజాల ప్లాటు ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల పొడవు ఉంటుంది. ఈ మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టినా 54 అడుగులే. బోరు ఒక మూల, గుంత ఇంకో మూల పెట్టినా నిబంధన నెరవేరదు. పైగా పక్కింటి గుంత మన బోరుకు ఎంత దూరంలో ఉందో ఎవరూ కొలవరు. హైదరాబాద్ తూర్పు శివారంతా గ్రానైటు నేల. నీరు మట్టిలో వడకట్టుకుంటూ నెమ్మదిగా దిగే చోట్ల క్రిములు కొంత ఆగుతాయి. ఇక్కడ శిథిలమైన పైపొర దాటిందంటే రాతి పగుళ్ల వెంట నీరు సూటిగా పోతుంది. క్రిములను మరగబెట్టి చంపొచ్చు, నైట్రేటు మరగబెడితే పోదు. అందుకే తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్న హద్దు పెట్టారు.

కోస్తాలో ఈ చిక్కు మరో రూపంలో ఉంటుంది. నరసాపురం, కోనసీమ వైపు నాలుగడుగులు తవ్వితే నీరు. అక్కడ అడుగు లేని గుంతంటే భూగర్భ జలంలో మరుగుదొడ్డి కట్టుకున్నట్టే. నరసాపురంలో మలవ్యర్థాల శుద్ధికి విడిగా ప్లాంటు పెట్టడం ఊరికే జరగలేదు. అమెరికాలోనూ సముద్రం పక్కన ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఇదే గుణపాఠం ఖరీదుగా నేర్చుకుంటున్నారు. హవాయి దీవుల్లో 80 వేలకు పైగా వట్టి గుంతలున్నాయి, అవన్నీ 2050 లోగా మారిపోవాలని 2017లో చట్టం చేశారు. న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ ఐలాండ్‌లోని సఫోక్ కౌంటీ 1973లోనే కొత్త ఇళ్లకు వట్టి గుంతలను నిషేధించింది. 2019 జులై నుంచి పాడైన గుంత చోట మళ్లీ గుంత తవ్వనివ్వడం లేదు. మురుగు ఖర్చుల కోసం సేల్స్ టాక్సు మీద డాలరుకు ఎనిమిదో వంతు సెంటు అదనంగా కట్టడానికి అక్కడి ఓటర్లు 2024 నవంబరులో ఒప్పుకున్నారు. ఓటరు ముందు మురుగు మాటెత్తి గెలవడం మన దగ్గర ఊహకైనా అందుతుందా?

మళ్లీ మన గల్లీకి వద్దాం. ట్యాంకరు బండి వచ్చిన రోజు మొదటి గంట మూత వెతకడంతోనే సరిపోతుంది. బిల్డరు పార్కింగ్‌లో టైల్స్ పరిచి ట్యాంకును కప్పేసి ఉంటాడు. ఎక్కడుందో పాత ఓనరుకు తెలుసు, ఆయన ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. సుత్తితో టైలు కొట్టి వింటూ, బోలుగా మోగిన చోట పగలగొట్టి, కింద ఉన్న షాబాద్ బండను గడ్డపారతో లేపుతారు. పైపు దించితే ముందు నీళ్లు వస్తాయి. పావుగంటలో బండి నిండుతుంది. డబ్బులు ట్రిప్పు లెక్కన కాబట్టి ఇంటాయన ‘అయిపోయిందిగా’ అంటాడు, హెల్పరు ‘మడ్డి అట్లనే ఉంది సార్, ఇంకో ట్రిప్పు పడ్తది’ అంటాడు. ఏళ్ల తరబడి గట్టిపడిన మడ్డిని పైపు లాగలేదు. నీళ్లు కొట్టి కలియబెట్టాలి. అది చేయాలంటే టైము కావాలి, ఇంకో ట్రిప్పు కావాలి. బేరం తెగదు. పైనీళ్లు పోయి, మడ్డి మిగిలి, మూత పడుతుంది. ట్యాంకు తీయించామన్న తృప్తి మాత్రం దక్కుతుంది.

బేరం తెగని ఇంకో దారిలో ప్రాణాలు పోతాయి. మడ్డి తీయడానికి మనిషిని దించుతారు. ఏళ్లుగా మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు పేరుకుని ఉంటుంది. మోతాదు మించితే దాని వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారుతుంది. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవాడూ పడిపోతాడు. 2013 నాటి చట్టం సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని నేరంగా చూసింది. కాంట్రాక్టరుకే కాదు, పని చెప్పిన ఇంటి యజమానికీ అది వర్తిస్తుందని చాలామందికి తెలియదు. మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో పది లక్షలని చెప్పి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు తీయించడం ఆపాలని ఆదేశించింది. ఈ పోరాటాన్ని దేశం ముందుకు తెచ్చిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల కాలనీలో తెలుగు కుటుంబంలో పుట్టారు. 2016లో మెగసెసె అవార్డు అందుకున్నారు. ఆయన గురించి గర్వంగా చెప్పుకునే మనమే, పార్కింగ్‌లో మూత తెరిచినప్పుడు లోపలికి దిగే మనిషి కోసం చూస్తాం.

బండి నిండాక ఎక్కడికి పోతుందన్నది మనం అడగని ప్రశ్న. ఉప్పల్ నల్లచెరువు, నాగోల్, అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రాలు పీర్జాదిగూడకు మరీ దూరమేమీ కాదు. వాటికంటే దగ్గరగా, అడిగేవాడు లేకుండా ఉన్నది మూసీ. ట్రిప్పుకింత అని సంపాదించేవాడికి డీజిలూ టైమూ డబ్బే. శుద్ధి కేంద్రంలో క్యూ కట్టి, రసీదు తీసుకుని రావడానికి అతనికి ఏ లాభమూ లేనప్పుడు రాత్రివేళ నాలా పక్కన వాల్వు తిప్పేస్తాడు. అతన్ని ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కారు చౌక రేటు కోసం నాలుగు నంబర్లకు ఫోన్ చేసినవాళ్లం మనం. ఆ మురుగు పారే దారిలోనే కింద పశుగ్రాసం, ఆకుకూరలు సాగవుతాయి. ఆ గ్రాసం తిన్న గేదెల పాలు, ఆ కూరలు ఉప్పల్, నాచారం దాకా వస్తాయి.

కాగితం మీద మనకు కొరత లేదు. ఇంటి ట్యాంకు మడ్డిని ఎలా తీయాలి, ఎక్కడ పోయాలి అని నగరపాలక స్థాయిలో నిబంధనలు పెట్టి అమల్లోకి తెచ్చిన తొలి నగరాల్లో వరంగల్ ఒకటి, 2016లో. కేంద్రం 2017లో జాతీయ విధానం ప్రకటించింది, తెలంగాణ 2018లో సొంత విధానం తెచ్చింది. హైదరాబాద్‌లో జలమండలి ట్యాంకర్లకు లైసెన్సులిచ్చింది, ఫోన్ చేస్తే బండి పంపే ఏర్పాటూ చేసింది. ఇవన్నీ మంచివే. కానీ అన్నీ ఫోన్ మీద ఆధారపడ్డవి. ఇంటాయన ఫోన్ చేసేది ట్యాంకు తన్నినప్పుడే. అప్పటికి ఆలస్యమైపోతుందని ముందే చూశాం.

దారి మార్చిన ఊరు మహారాష్ట్రలో ఉంది. సతారా జిల్లా వాయి పట్టణం 2018లో ఫోన్ పద్ధతి వదిలేసి క్యాలెండరు పద్ధతికి మారింది. వాడల వారీగా, మూడేళ్లలో ఊరంతా ఒక చుట్టు వచ్చేలా బండి తిరుగుతుంది. ఇంటివాళ్లు ఆ రోజు డబ్బులివ్వరు. ఖర్చంతా ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసే పారిశుద్ధ్య పన్ను నుంచి వస్తుంది. ట్యాంకరు సంస్థకు శుద్ధి ప్లాంటులో మడ్డి దింపిన లెక్క మీద చెల్లింపు. దాంతో నాలాలో పోసేవాడికి లాభం లేకుండా పోయింది. ఏడాది పొడవునా పని ఉంటుందని తెలిశాక కంపెనీకి మంచి యంత్రాలు కొనడానికి ధైర్యం వస్తుంది. మూడేళ్ల మడ్డి గట్టిపడి ఉండదు కనుక మనిషిని దించే అవసరమూ తగ్గుతుంది. ఒక్క తేదీ ఇన్ని చిక్కుముళ్లు విప్పుతుంది.

పీర్జాదిగూడకు ఇది అడగడానికి అదను. 2019లో కార్పొరేషన్ అయిన ఈ ఊరిని, పక్కనున్న బోడుప్పల్‌తో సహా మొత్తం 27 పురపాలికలను 2025 డిసెంబరులో జీహెచ్ఎంసీలో విలీనం చేశారు. ఇకమీదట పాలన ఏ పేరుతో సాగినా, డ్రైనేజీ లైన్లు వస్తాయన్న ఆశ పెరిగింది. రావాలి కూడా. 2021లో 3,866 కోట్లతో నగరానికి 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. శుద్ధి కేంద్రం కట్టడం ఒక ఎత్తు, ఇరుకు గల్లీల్లో గ్రానైటు పగలగొట్టి ప్రతి ఇంటినీ లైనుకు కలపడం మరో ఎత్తు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల కింద ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లకు ‘త్వరలో’ అనే మాటను ఎలా చదవాలో తెలుసు. లైను వచ్చేదాకా ట్యాంకే మన డ్రైనేజీ.

ఖర్చు గురించి గొణుగుడు ఉంటుంది. ట్రిప్పు మూడు వేలనుకుందాం. మూడేళ్లకోసారి అంటే నెలకు 83 రూపాయలు. నాలుగు పోర్షన్లున్న ఇంటికి ఏడాదికోసారి అంటే నెలకు 250, పోర్షనుకు 62 పైచిలుకు. అద్దెలిచ్చేవారికి ఒక రేటు, సొంతానికి ఉండేవారికి ఒక రేటు పెట్టడం పన్నుల విభాగానికి కొత్త కాదు, ఎన్ని అంతస్తులో వాళ్ల రికార్డుల్లో ఎలాగూ ఉంది. ఆ రికార్డుకు మూడు గడులు చేరిస్తే చాలు: ట్యాంకు ఎక్కడుంది, అడుగు ఉందా, చివరిసారి ఎప్పుడు తీశారు. టైల్స్ కింద మూత దాచిన ఇంటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. బండికి జీపీఎస్, శుద్ధి కేంద్రం రసీదు చూపితేనే చెల్లింపు. మొదటి చుట్టు మూసీకి దగ్గరైన పర్వతాపూర్ వైపు కాలనీలతో, నేల తడి తక్కువగా ఉండే వేసవిలో మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత మేడిపల్లి, హైవేకి అటూ ఇటూ ఉన్న గల్లీలు.