సంపాదకుని మాట: గాలి తగ్గేదాకా

ప్రయాణాల సంచికలో కదలకుండా కూర్చోవడం గురించి ఏం రాస్తామని మాలోనే కొందరు నవ్వారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరం సంగతి తెలిశాక ఆ నవ్వు ఆగింది. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆగ్నేయ గాలులదే రాజ్యం. ఉత్తరానికి పోయే యాట్‌ను వెనక నుంచి తోస్తాయి, తిరుగు ప్రయాణంలో అవే ముఖాన కొడతాయి. గాలి 26 నాట్‌లకు, అంటే గంటకు 48 కిలోమీటర్లకు చేరితే వాతావరణ శాఖ హెచ్చరిక వస్తుంది. ఇక లిజర్డ్ ద్వీపం చాటున లంగరేసి, అది జారుతోందేమోనని రాత్రిళ్లు లేచి చూసుకుంటూ, మంచినీళ్లు కొలిచి వాడుకుంటూ గడపాలి. తొందరపడితే పగడపు దిబ్బలున్నాయి మరి.

1770లో కెప్టెన్ కుక్‌కూ ఇదే గతి. ఓడ బాగుపడినా గాలి తగ్గక, ఎండెవర్ నదీముఖం నుంచి ఆగస్టు 4న గానీ కదలలేకపోయాడు. అక్కడి గూగు యిమిదిర్ ప్రజల నోట ‘కంగారూ’ అన్న మాట అతని బృందం విన్నది ఆ మజిలీలోనే. కంగారు పడనివాళ్లకే కంగారూ దొరికిందని మా ఆఫీసులో ఒక జోకు!

ఈ సంచిక రచయితలంతా ఎక్కడో ఒకచోట చిక్కుకుపోయినవాళ్లే. మీరూ అలా ఆగిపోయిన రోజులుంటే రాసి పంపండి.