రసాయనశాస్త్రమునకు వలయు లెక్కలు



ఏటేట వేసవిలో పదవతరగతి ఫలితములు వెలువడినంతనే మా మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములందలి యిండ్లలో నొకే ప్రసంగము వినవచ్చును. ఇంటర్మీడియెట్టున అమ్మాయి నే శాఖలో చేర్పవలెను? లెక్కలు వచ్చినచో ఎం.పి.సి., రానిచో బై.పి.సి. అని తల్లిదండ్రులు నిమిషములో తీర్పు చెప్పివేయుదురు. అమ్మాయియు సంతోషించును. గణితమునకు వేఱుగ పుస్తకము లేదు, వేఱుగ పరీక్ష లేదు, పీడ విరగడయైనదని తలచును. ఆ సంతోషము రసాయనశాస్త్రమున మోలు అను మాట వచ్చువఱకే.

ఎంత పదార్థము ఎంత పదార్థముతో కలియును, ఎంత మిగులును, ఎంతకాలమునకు సగమగును అను ప్రశ్నలు లేక రసాయనశాస్త్రము లేదు. కావున గణితమను పేరు తీసివేసినను లెక్క పోదు. ఐనను మొదటి తరగతులలో దానికి వలయు లెక్కలు కొద్దిపాటివి. అందు పెక్కింటిని మనము మందు కొలుచునపుడును, బంగారము కరగించి నగ చేయించునపుడును ఎఱిగియే యున్నాము. ఈ మాసమున ఆ సంగతియే మనవి చేయదలచితిమి.

మా ప్రాంతపు ఆడపిల్లల కిది చిన్న విషయము కాదు. 1997లో మనదేశమున మొట్టమొదట హెపటైటిస్-బి టీకాను జన్యుమార్గమున రూపొందించి విపణికి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ మేడ్చలు ప్రాంతమునే ఆశ్రయించినది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోయినచో 1999 మొదలు పెరుగుచు వచ్చిన జీనోం వ్యాలీ కానవచ్చును. కోవాక్సిను టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ అందే కలదు. 2008లో బిట్స్ పిలానీవారి విద్యాప్రాంగణము శామీర్‌పేట చేరువను వెలసినది. మేడ్చలు త్రోవలో కండ్లకోయ మొదలగు తావుల ఔషధవిద్య నేర్పు కళాశాలలున్నవి. ఇంటిముందే యింత పని యుండగా, మన పిల్ల దానిని బస్సు కిటికీనుండి చూచుటతో సరిపెట్టుకొనవలెనా?

మా వీథిలోని యొక బాలిక సంగతి చెప్పుదుము. తండ్రి పారిశ్రామికవాడలో కూలి. తల్లి జాకెట్లు కుట్టును. పిల్ల బై.పి.సి.లో చక్కగ నుత్తీర్ణురాలై బి.ఫార్మసీలో చేరినది. ఆ చదువునకు రెండు శాఖలవారును అర్హులే. కాని మొదటి అర్ధసంవత్సరమున జీవశాస్త్రము చదువనివారు జీవశాస్త్రమును, గణితము చదువనివారు గణితమును లోటు పూరించుకొనుటకై చదువవలసియుండును. ఆ గణితమున లాగరిథములు మొదలుకొని కలనగణితము, అవకలన సమీకరణములు, లాప్లాస్ పరివర్తనము వఱకు గలవు. రెండేండ్లు లెక్కల ముఖము చూడని పిల్లకు ఒక్కసారిగ నింత! ఆమె తరగతికి పోవుట మానినది. ఇంట మాటకు మాట పెరిగి, చదువు మాన్పించి సంబంధము చూచెదమను వఱకు పోయినది. “అత్తమ్మా, నాకు లెక్క రాదు. నా తలరాతనే అంత” అని మాతో కన్నీరు పెట్టుకొన్నది.

మేము కళాశాల గుమ్మము త్రొక్కినవారము కాము. మా తండ్రిగారి యొద్ద కావ్యములతోపాటు లీలావతిని కొంత చదివితిమి. మావారు ఉపాధ్యాయులగుటచే నింట నల్లబల్లకును సుద్దకును కొదువలేదు. ఆమె పుస్తకము తెఱచి చూచితిమి. ఆమెకు లాప్లాస్ తెలియకపోవుట వింత కాదు. 0.05ను 0.2తో భాగింపుమనగా కలము ఆగిపోయినది! ముల్లు పాదమున నుండగా ఇన్నినాళ్లును అందఱును మోకాలికి కట్టు కట్టుచుండిరి. కావున కలనగణితమును మూసి, దశాంశములును భిన్నములును తీసితిమి. పిమ్మట త్రైరాశికము.

త్రైరాశికమనగా మన పెద్దలు ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అని మూడు రాశులతో నాలుగవదానిని కనుగొనిన పద్ధతి. ఫలమును ఇచ్ఛతో హెచ్చించి ప్రమాణముతో భాగింపవలెను. పసిపిల్లల జ్వరపుమందునే చూడుడు. పారాసెటమాల్ ద్రవము ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, మఱియొక సీసాలో అదే 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు ఉండును. చుక్కల సీసాలో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. వైద్యుడు 120 మిల్లీగ్రాములు చెప్పినచో మొదటి సీసానుండి 5 మిల్లీలీటర్లు, రెండవదాని నుండి 2.4, చుక్కల సీసానుండి 1.2 మాత్రమే. చెంచా ఒకటేయని కన్ను మూసి పోయు తల్లి యేమి చేయుచున్నదో ఊహింపుడు. దశాంశబిందు వొక స్థానము జరిగినచో మోతాదు పదిరెట్లగును.

ఈ త్రైరాశికమే కొంచెము పైకి పోయినచో మోలు లెక్క యగును. ఇంటిలోని ఓ.ఆర్.ఎస్. పొట్లమును త్రిప్పి చూడుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2002లో నిర్ణయించిన పాళ్ల ప్రకారము ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాసియము క్లోరైడు 1.5, ట్రైసోడియము సిట్రేటు 2.9, వెరసి 20.5 గ్రాములు. ప్రక్కనే క్లోరైడు 65 అని యుండును. ఈ 65 ఎక్కడినుండి వచ్చెను? ఉప్పులో సోడియము 23, క్లోరిను 35.5, కావున ఒక మోలు ఉప్పు 58.5 గ్రాములు. 2.6ను 58.5తో భాగించిన 0.0444, అనగా 44.4 మిల్లీమోలులు. పొటాసియము క్లోరైడు మోలు 74.5 గ్రాములు, 1.5ను దానితో భాగించిన 20.1. రెండును కలిపిన 64.5. పొట్లముమీది 65 అదియే. ఈ లెక్క తేలిననాడు ఆ బాలిక పొట్లమును తల్లికి చూపుటకై పరుగెత్తినది! లీటరు నీటికి వలసిన పొట్లమును 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపి యిచ్చు ఇండ్లు కలవు. గాఢత అయిదింతలగును, విరేచనములతో సొలసిన బిడ్డకు నీరు చేర్పవలసినది, ఉన్న నీటిని ప్రేగులలోనికి లాగివేయును.

మోలునందు ఎన్ని కణములుండునన్న ప్రశ్నకు 6 తరువాత 23 స్థానములు వచ్చునని పిల్లలు వల్లించుచు భయపడుదురు. 2019వ సంవత్సరము మే 20వ తేది మొదలు ప్రపంచమందలి కొలతల సంస్థలు ఈ సంఖ్యను 6.02214076ను 10 యొక్క 23వ ఘాతముతో హెచ్చించినదిగ స్థిరపఱచినవి. మనవారికి పెద్దసంఖ్య లెన్నడును భయము గొల్పలేదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున నుండిన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున ఏకము, దశము, శతము మొదలుగ 24 స్థానములకు పేర్లు చెప్పెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. ఆ వరుసలో కడపటి స్థానము మహాక్షోభము. అనగా 1 తరువాత 23 సున్నలు. కావున ఒక మోలులోని కణములు ఇంచుమించు ఆఱు మహాక్షోభములు! సరిగ ఆ స్థానముననే మన వరుస ఆగుట కేవలము యాదృచ్ఛికమే. ఐనను పేరున్న సంఖ్య అపరిచితము కాదుగదా.

ద్రావణములు కలుపు లెక్కకు లీలావతిలోని సువర్ణగణితము చాలును. 22 కారట్ల బంగారము 6 గ్రాములు, 18 కారట్లది 2 గ్రాములు కరగించినచో ఏ వన్నె వచ్చును? బరువును వన్నెతో హెచ్చించి కూడవలెను: 132, 36, వెరసి 168. మొత్తము బరువు 8తో భాగించిన 21 కారట్లు. కంసాలి చెప్పు మాటను సరిచూచుటకు మన పెద్దమ్మలు దీనిని నోటితోనే చేసిరి. ప్రయోగశాలలో వన్నెకు బదులు గాఢత, బరువునకు బదులు ఘనపరిమాణము. లీటరునకు 12 మోలుల హైడ్రోక్లోరిక్ ఆమ్లమునుండి 1 మోలు గాఢత గలది 600 మిల్లీలీటర్లు కావలెనన్న, 600ను 12తో భాగించిన 50 మిల్లీలీటర్లు తీసికొని మిగిలినది నీరు. (నీటిలో ఆమ్లము పోయవలెనే కాని ఆమ్లములో నీరు పోయరాదు. ఇది లెక్క కాదు, కన్నులకు సంబంధించినది.)

ఇంతవఱకు హెచ్చవేత, భాగహారము. మనయింట లేని క్రొత్త వస్తువొక్కటే, లాగరిథము, తెలుగున సంవర్గమానమందురు. 1614లో స్కాట్లండు దేశపు నేపియరు దీనిని ప్రకటించెను. పదిని ఎన్నవ ఘాతమునకు ఎత్తిన ఆ సంఖ్య వచ్చునో అదియే దాని లాగరిథము. 100కు 2, 1000కి 3. రెండింటికి 0.3010, మూడింటికి 0.4771 అని కంఠస్థము చేసినచో నాలుగు, ఆఱు, ఎనిమిది వానియంతట అవియే వచ్చును. నీట్ పరీక్షలో గణనయంత్రము గాని లాగరిథముల పట్టిక గాని తీసికొనిపోరాదు గనుక ఈ రెండంకెలును తాళపుచెవులవంటివి.

డెన్మార్కు దేశపు సోరెన్‌సెన్ 1909లో పులుపును కొలుచుటకు పీహెచ్ అను కొలమానమును ఏర్పఱచెను. ఇది లాగరిథమే, గుర్తు మార్చినది. పాలకు పీహెచ్ 6.6 ప్రాంతము, తోడు పడిన పెరుగునకు 4.6 ప్రాంతము. తేడా రెండేయని తలపరాదు. ఒక్కొక్క మెట్టు పదిరెట్లు గనుక ఆమ్లత నూఱురెట్లయినది. లీటరునకు హైడ్రోజను అయానులు 0.00002 మోలులున్న ద్రావణమును చూడుడు. రెండును, పది యొక్క ఋణ అయిదవ ఘాతమును, అయిదులోనుండి 0.3010 తీసివేయగా 4.7. ఇంతకంటె నిందు రహస్యము లేదు.

మందు ఒడలినుండి తొలగు లెక్కయు ఇట్టిదే. అర్ధాయువు 3 గంటలుగల మందు 500 మిల్లీగ్రాములు రక్తమున చేరినదనుకొందము. 3 గంటలకు 250, 6 గంటలకు 125, 9 గంటలకు 62.5. పుస్తకమున కానవచ్చు 0.693 అను అంకె ఆకాశమునుండి ఊడిపడలేదు, 2.303ను 0.3010తో హెచ్చించి చూడుడు. సగము అను మాటయే అందు దాగియున్నది. ఇది తెలిసిన పిల్లకు అవకలన సమీకరణము కొంత మెత్తబడును. పూర్తిగ మెత్తబడునని మేము చెప్పము. మా వీథి బాలిక తిరిగి తరగతికి పోవుచున్నది గాని లాప్లాస్ ఆమెను ఇంకను బెదరించుచునే యున్నాడు.

లెక్క రానివారికి రసాయనము రాదని త్రోసివేయువారు యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనవలెను. 1895లో భీమవరమున జనించిన ఆయన మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. అట్టి ఆయనయే అమెరికాలో హార్వర్డు వైద్యవిద్యాలయమున ఫిస్కెగారితో కలిసి, రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. భాస్వరమునుబట్టి నీలిరంగు పుట్టును. ఎంత భాస్వరమో అంత రంగు. తెలిసిన ద్రావణపు రంగుతో తెలియనిదాని రంగును పోల్చి లెక్కింతురు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ! ఉపకరణము గొప్పది, కొలత సూక్ష్మము. అడుగున నున్నది త్రైరాశికమే.

తల్లులు చేయదగిన పని యొకటి కలదు, దానికి రసాయనము తెలియనక్కఱలేదు. పిల్ల లెక్క చేయునపుడు ప్రక్కను కూర్చుండి, ప్రతి అంకెకును “ఇవి గ్రాములా, మోలులా, లీటర్లా?” అని అడుగుడు. కొలత వ్రాయక అంకె మాత్రమే వ్రాయు అలవాటువలననే సగము తప్పులు వచ్చుచున్నవని మావారు చెప్పుదురు. ఉత్తరము వచ్చిన పిమ్మట “ఇది నమ్మదగినదేనా?” అని మఱియొక ప్రశ్న. గ్లాసెడు నీటిలో మూడు బస్తాల ఉప్పు కరగినట్లు లెక్క వచ్చినను గీత గీసి ముందుకు పోవు పిల్లల నెందఱినో చూచితిమి. రోజునకు అయిదు లెక్కలు, ఫోను దూరముగ నుంచి, చేతితో. దశాంశములకు రెండు వారములు పట్టినను తొందరపడవలదు. వేలకువేలు పోసి సూత్రముల పట్టికలను బట్టీ పట్టించు శిక్షణాలయములకంటె ఈ రెండు వారములు మేలని మా అభిప్రాయము.

ఈ మాసమునకు ఒక లెక్క ఇచ్చుచున్నాము. 100 మిల్లీలీటర్లలో 6 గ్రాముల ఎసిటిక్ ఆమ్లముగల వినిగరు మీయొద్ద నున్నది. ఆ ఆమ్లపు మోలు 60 గ్రాములు. లీటరునకు 0.2 మోలు గాఢతగల ద్రావణమును ఒక లీటరు చేయుటకు వినిగరు ఎంత కావలెను? త్రైరాశికమును రెండుమార్లు వేయుడు. అమ్మాయి చేతను వేయింపుడు. ఇద్దఱికిని 200 మిల్లీలీటర్లు రావలెను.