ఆదోని టీషర్టు మీద బ్రూక్లిన్ ఏం చేస్తోంది?

పోయిన సంక్రాంతికి ఆదోని పోయినప్పుడు స్టేషన్ రోడ్డులో టీ తాగుతుంటే పక్కన ఒక పిల్లాడు వచ్చి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. నల్ల టీషర్టు, దాని మీద ఛాతీ నిండా స్ప్రే డబ్బాతో కొట్టినట్టు, రంగు కిందికి కారుతున్నట్టు, ఉబ్బిన ఇంగ్లీషు అక్షరాల్లో 'బ్రూక్లిన్'.

"బ్రూక్లిన్ అంటే ఏంది తమ్ముడూ?" అన్నాను.

"ఏమో అన్నా. చూసేకి బాగుందని తీసుకున్యా."

నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఎందుకంటే ఆ రోజు నా టీషర్టు మీద ఉన్నది కీత్ హేరింగ్ బొమ్మ. వాడి చొక్కాకీ నా చొక్కాకీ తేడా ఒక్కటే, నాకు పేరు తెలుసు. ఇది రాస్తున్నది వాడిని వెనకేసుకు రావడానికి.

వీధి కళ, కుర్రాళ్ల బట్టలు అనేసరికి మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి పెద్దలది: అమెరికా గోడల మీది పిచ్చి రాతలు ఒంటికి చుట్టుకుంటున్నారు, సంస్కృతి పోయింది. రెండోది మనలాంటి వాళ్లది, అంటే ఇలాంటి పత్రికలు చదివేవాళ్లది: గ్రాఫిటీ తిరుగుబాటు కళ, అది చిన్న ఊళ్ల కుర్రాళ్ల ఒంటి మీదికి రావడం ఒక ధిక్కారం. మొదటిది పాతచింతకాయ పచ్చడి, దాంతో పోట్లాడే ఓపిక నాకు లేదు. రెండోది అబద్ధం. అదీ మనల్ని మనం మెచ్చుకోవడానికి చెప్పుకునే అబద్ధం.

అసలు గోడ మీది బొమ్మ బట్ట మీదికి ఎలా ఎక్కింది? 1980ల మొదట్లో కీత్ హేరింగ్ న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో ఖాళీ ప్రకటన పలకల మీద, నల్ల కాగితం మీద, సుద్దముక్కతో బొమ్మలు గీసేవాడు. 1986లో పాప్ షాప్ పేరుతో తనే దుకాణం తెరిచి అవే బొమ్మలు టీషర్టుల మీద అమ్మాడు. కళని అమ్ముకున్నాడని తిట్టినవాళ్లు తిట్టారు. అదే కాలంలో క్వీన్స్‌లో షర్ట్ కింగ్స్ అనే కుర్రాళ్ల బృందం ఎయిర్‌బ్రష్ పట్టుకుని, వచ్చినవాడి పేరు అడిగి, వాడి చొక్కా మీదే రాసిచ్చేది. నాకు హేరింగ్ కంటే వీళ్లే ముఖ్యం. గోడ రాసిన చెయ్యే చొక్కా రాసింది. కొన్నవాడిదీ, రాసినవాడిదీ ఒకటే పేట. డబ్బు పక్క వీధిలోకే పోయింది. ప్రభావం అంటే అదీ.

ఆదోనికి వచ్చింది అది కాదు. ఎవరి చెయ్యో తెలియని బొమ్మకి ఫొటో, ఆ ఫొటోకి కంప్యూటర్ నకలు, ఆ నకలుకి అచ్చు. దీన్ని ధిక్కారం అంటే, ఎవరి మీద ధిక్కారమప్పా?

మా ఊళ్లో గోడ రాసే చేతులు లేకనా? 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. ఇప్పటికీ ఇక్కడ తెలుగు, కన్నడ, ఉర్దూ ఒకే వీధిలో వినిపిస్తాయి. మూడింట్లోనూ బోర్డు రాయగల పెయింటర్లు మా చిన్నప్పుడు ఉండేవాళ్లు. మా వీధి చివరి పెయింటర్ మామ పని స్కూలు నుంచి వస్తూ గంటలు గంటలు చూసేవాణ్ణి. ముందు గోడకి సున్నం. ఆరాక దారానికి రంగుపొడి పట్టించి, రెండు కొసలు ఇద్దరు పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత పడేది. దాని మీద అక్షరం. 'క'కి తలకట్టు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఎర్ర అక్షరం ఆరాక, కుడి పక్కన పసుపు నీడ. ఆ నీడతో అక్షరం గోడ మీంచి ముందుకొచ్చి నిలబడేది. పత్తి వ్యాపారి పేరు, బట్టల కొట్టు, సినిమా, ఎన్నికల గుర్తు, అన్నీ ఆ చేతే రాసేది. 'బ్రూక్లిన్' అని ఉబ్బిన అక్షరాలు గీసినవాడు చేసిందీ ఇదే కదా, అక్షరాన్ని లావు చెయ్యడం, నీడ వెయ్యడం, దూరం నుంచి పిలవడం.

ఇక్కడ పాతరోజుల బెంగ అంటారని తెలుసు. కాదు. ఆ గోడ రాతలు దేవుడి రాతలేం కావు. పార్టీలు పేదోడి ఇంటి గోడని అడక్కుండా ఆక్రమించేవి. చదివే ఓపిక లేనంత సిమెంటు ప్రకటనలుండేవి. నేను అడుగుతున్నది గోడలు తిరిగి తెమ్మని కాదు. ఆ చెయ్యి ఎటు పోయింది అని.

ఫ్లెక్స్ వచ్చింది, పోయింది. ఇప్పుడు పెయింటర్ మామ ఇళ్లకి డిస్టెంపర్ వేస్తాడు. ఫ్లెక్స్ షాపులో కుర్రాడు కోరల్‌డ్రా తెరిచి అను ఫాంట్లలో ఉన్న నాలుగైదు అక్షర రూపాలతోనే పుట్టినరోజుకీ, వర్ధంతికీ, జాతరకీ పని కానిచ్చేస్తాడు. టీషర్టులు అచ్చేసేదీ చాలాచోట్ల ఆ షాపే. ఇక్కడే అసలు వింత ఉంది. అక్కడ చవకగా, నాలుగు రంగుల్లో, ఒక్కటి కావాలన్నా వేసిచ్చేది సబ్లిమేషన్ పద్ధతి. ఆ రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ దారంలోకి దిగుతుంది. పత్తి బట్టకి పట్టదు. పత్తి మీద వెయ్యాలంటే స్క్రీన్ ప్రింటింగ్, రంగుకో స్క్రీన్ కావాలి, పదీ ఇరవైకి గిట్టుబాటు కాదు. డీటీఎఫ్ ఫిల్ముతో వెయ్యొచ్చు, ఖర్చు ఎక్కువ. అంటే ఏంటి? రాష్ట్రంలోనే పేరున్న పత్తి మార్కెట్ ఉన్న ఊరు, బట్టల వ్యాపారానికి రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు, ఆ ఊరి కుర్రాడు తనకి నచ్చిన బొమ్మ వేసుకోవాలంటే మే నెల ఎండలో ప్లాస్టిక్ దారం తొడుక్కోవాలి.

బస్సెక్కితే గంటలోపు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. మా ఇంట్లో దుప్పట్లు, తువ్వాళ్లు అన్నీ ఎమ్మిగనూరువే. గళ్లు, అంచులు, ముదురు రంగులు చూసి పెరిగాం. ఆ గుడ్డతో ఒక వదులు చొక్కా కుట్టి, వీపు మీద మా పెయింటర్ అక్షరంలో నాలుగు ముక్కలు అచ్చేసే ఆలోచన చేనేత గురించి ఏటా ఆగస్టు 7న ఉపన్యాసాలిచ్చేవాళ్లలో ఎంతమందికి వచ్చింది? చేనేత అంటే వాళ్లకి పెళ్లి చీర, శాలువా. పద్దెనిమిదేళ్లవాడు వాళ్ల లెక్కలో లేడు. ఆ తర్వాత వాడే బ్రూక్లిన్ వేసుకుంటున్నాడని వాళ్లే ఏడుస్తారు.

ఇంకో మాట ఉంది, ఇది కొంచెం చేదు. అదే టీషర్టు, అదే చిరిగిన జీన్సు నేను బెంగళూరు ఆఫీసుకి వేసుకుపోతే స్ట్రీట్‌వేర్. మా ఊళ్లో వాడకట్టు పిల్లాడు వేసుకుంటే 'రౌడీ వేషాలు'. బండి ఆపి కాగితాలడిగేది వాడినే. వీధి అనే మాట పేరులో పెట్టుకున్న ఫ్యాషన్ వీధిలో బతికేవాడి ఒంటి మీద నేరం, నా ఒంటి మీద అభిరుచి. 2016లో హైదరాబాదు ఎం.ఎస్. మక్తా గోడల మీద స్టార్ట్ ఇండియా వాళ్లు బొమ్మలు వేయించినప్పుడు బస్తీకి రంగొచ్చిందని సంతోషించినవాణ్ణి నేనూ. కానీ ఆ గోడల ముందు ఫొటోలు దిగేవాళ్ల బట్టలకిచ్చిన లైకులు, ఆ గోడల వెనకున్న పిల్లల బట్టలకి ఎవరిచ్చారు?

2018లో హెచ్ అండ్ ఎమ్ కంపెనీ రెవోక్ అనే కళాకారుడి గోడ బొమ్మని తన బట్టల ప్రకటనలో వాడుకుంది. ఆయన అభ్యంతరం చెబితే, అది అనుమతి లేకుండా గీసిన బొమ్మ, దానికి కాపీరైటే లేదు పొమ్మని కోర్టుకెక్కింది. వీధి కళాకారులంతా లేచేసరికి కేసు వెనక్కి తీసుకుంది. అక్కడ అడగడానికి ఒక పేరైనా ఉంది. మా పెయింటర్ల అక్షరాలకి సంతకం కూడా తక్కువే. ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే ఆయన, స్టార్ట్ ఇండియా పెట్టినవాళ్లలో ఒకరు, 2024లో పోయారు, వీధి పెయింటర్ల అక్షరాలని వాళ్ల పేర్లతోనే కంప్యూటర్ ఫాంట్లుగా మార్చారు. ఇది అసాధ్యమైన పని కాదన్నమాట. కోడ్ రాసి బతికే మాలాంటి వాళ్లు సెలవు రోజుల్లో చెయ్యగలిగిన పనే. నేను చెయ్యలేదు. ఈ వ్యాసం రాశాను, అది సులువు కాబట్టి.

మొన్న ఉగాదికి మాత్రం ఒక పని చేశాను. పెయింటర్ మామని బతిమాలి తెల్లకాగితం మీద 'ఆదోని' అని రాయించుకున్నాను. చెయ్యి వణికింది, 'దో' కొంచెం పక్కకి ఒరిగింది. ఫ్లెక్స్ షాపుకి తీసుకుపోతే కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అన్నా, ఇది ఏ ఫాంటు?"

"ఫాంటు కాదప్పా, చేత్తో రాసింది."

"అట్లయితే ట్రేస్ చెయ్యాల. టైమ్ పడ్తాది. కాటన్ మీద కావాలంటే ఇంగ ఎక్కువ పడ్తాది."

పది చెప్పి, అడ్వాన్స్ ఇచ్చి వచ్చి మామకి చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. చేతులు తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు, "టీషర్టుకు నాకెంత?"

నేను ఆ లెక్క వేసుకుని పోలేదు.