ఊరు వాడి వదిలేసిన నీళ్ల లెక్క

కృష్ణా నది మీద జూరాల ప్రాజెక్టు కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 11.94 టీఎంసీలు. ఇవాళ ప్రాజెక్టు నిండిందని పేపర్లో వచ్చిన రోజున కూడా అందులో ఉండేది 9.66 టీఎంసీలే. 1995 నుంచి ఇప్పటిదాకా దాదాపు అయిదో వంతు చోటును పూడిక ఆక్రమించింది. ఆ పూడిక ఎగువ పొలాల మీది మెత్తటి మన్నే.

గద్వాలకు ఆధారం ఈ కృష్ణే. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇంకా దిగువన, శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎల్లూరు దగ్గర ఎత్తిపోసే నీటిని నమ్ముకున్నాయి. 2020 అక్టోబరులో అక్కడి పంపుహౌస్ నీట మునిగింది. ఇలాంటప్పుడు ఊరికి మిగిలే దిక్కు సొంత చెరువులు, బోర్లు.

ఆ దిక్కు కూడా సన్నగిల్లుతోంది. 2016లో ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాక చుట్టుపక్కల పొలాలు వెంచర్లయ్యాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుంటే ఎకరం మీద పడేది 24 లక్షల లీటర్లు. మన గ్రానైటు నేలల్లో భూమిలోకి ఇంకేది అందులో సుమారు 11 శాతమని భూగర్భ జలాల అంచనాల్లో లెక్కగడతారు. అంటే 2.6 లక్షల లీటర్లు. ఎకరం మొత్తం సిమెంటు కప్పితే, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున అయిదుగురు ఏడాదంతా వాడుకునే నీళ్లు బోరుకు అందకుండా పోతాయి.

2011 జనగణన ప్రకారం మూడు పట్టణాల జనాభా కలిపి లక్షన్నర. ఇప్పుడు అంతకన్నా ఎక్కువే కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ తక్కువ అంచనాలు. వీళ్లకు రోజుకు కావలసినవి 2 కోట్ల లీటర్లు. అందులో 80 శాతం మురుగై బయటికొస్తుంది. ఏడాదికది 0.2 టీఎంసీ. టీఎంసీకి పదివేల ఎకరాల వరి అన్న మన పాత లెక్కలో రెండువేల ఎకరాల నీళ్లు. ఆ మురుగులో నత్రజని కూడా ఉంటుంది: మనిషి ఏడాదికి విసర్జించేది సుమారు రెండున్నర కిలోలు. లక్షన్నర మందికి 375 టన్నులు. యూరియాగా మారిస్తే 45 కిలోల బస్తాలు 18 వేలు. 2025 ఆగస్టులో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. మురుగులోని ఆ నత్రజని శుద్ధి లేకుండా చెరువులో కలిస్తే నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క నీటిని కమ్మేస్తుంది. అవి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. ముందు చచ్చేవి చేపలు.

తీసుకున్నదాన్ని తీసుకున్నచోటికే తిరిగి చేర్చి, మూలధనం తరగకుండా చూసే పద్ధతిని పునరుజ్జీవ ఆర్థికం అంటున్నారు. వనపర్తి సంస్థానం తవ్వించిన సప్త సముద్రాలనే చెరువుల్లో ఆ పద్ధతి కనిపిస్తుంది: మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, పూడిక పొలానికి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కూడా చెరువు మన్నును పొలాలకు తోలించింది. నా దృష్టిలో ఆ పథకంలో అన్నిటికన్నా విలువైన పని అదే. పట్టణపు మురుగుకు అలాంటి దారి వేయడమే మిగిలింది: కుంటల్లో నిలవబెట్టి, ఎండకూ సూక్ష్మజీవులకూ వదిలి, శుద్ధయ్యాక ఆయకట్టుకు పారించాలి. ఆ కుంటలకు మూడు ఊళ్లలో కలిపి నలభై ఎకరాలదాకా కావాలి. ఆ స్థలం ఊరికన్నా పల్లంలో, ఆయకట్టుకన్నా మెరకలో ఉండాలి. అక్కడ ప్లాట్లు పడితే ఆ మురుగును కూడా మోటార్లతోనే ఎత్తిపోయాలి.